సూదిగొంతు కోసం మౌనం

మడుగు పార్కు గేటు బయట రోడ్డు మీద నిలబడ్డా చాలు, లోపల చెవుల టీచర్ పాఠం మొదలుపెట్టిందని తెలిసిపోతుంది. "ష్! చప్పుడు చెయ్యకండర్రా!" అని ఆవిడ ఒక్క కేక పెట్టిందంటే నీళ్ల మీది బాతులన్నీ లేచి అవతలి ఒడ్డుకు చక్కా పోతాయి. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వరా మరి! చప్పుడు చెయ్యొద్దని అంత చప్పుడు చేసి చెప్పే మనిషిని వాళ్లు ఇంకెక్కడ చూసుంటారు! ఏటేటా టీచర్ గొంతు పెరుగుతోందని గేటు వాచ్‌మన్ మొదలుకొని ఆఫీసులో ఇన్‌చార్జి దాకా అందరూ వేళాకోళం చేసేవాళ్లే. ఎందుకు పెరుగుతోందని మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరికంటే ముందు రావలసిన ఆవిడకే రాలేదు.

చెవుల టీచర్ అన్న పేరు ఊరికే వచ్చింది కాదు. పెళ్లికి ముందునుంచీ ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. చెవులకు తగిలించుకునే ఆ నల్లటి గొట్టంలోంచి "హలో" అన్న ఒక్క ముక్క వినపడితే చాలు, మాట్లాడేది ఎవరో, పొద్దున్నుంచి ఇంట్లో గొడవ పడ్డారో లేదో కూడా చెప్పేసేది. డాక్టరుగారు లైను అడిగితే, "ముందు మీ జలుబుకి మందేసుకోండి డాక్టరుగారూ" అని మరీ కలిపేది. మొగుడు దొరికిందీ ఆ గొట్టంలోనే. ఆయనకి వాచీల రిపేరు దుకాణం. రోజూ ఎక్స్‌ఛేంజికి ఫోన్ చేసి "టైమెంతండీ?" అని అడిగేవాడు. దుకాణం నిండా గడియారాలు పెట్టుకుని టైము అడిగే మనిషికి టైము కాకుండా ఇంకేదో కావాలని ఆవిడ చెవులు కనిపెట్టడానికి ఎంతోకాలం పట్టలేదు.

తర్వాత మిషన్లొచ్చాయి, ఎక్స్‌ఛేంజి మూతపడింది. ఊరి చివర మడుగు పార్కులో టిక్కెట్లు చింపే పని దొరికింది. రేకుల గది, చెయ్యి పట్టేంత కిటికీ. చెవులకి పని లేక పిచ్చెక్కిపోతుందనుకుని మొగుడి దగ్గర ఏడ్చింది కూడా. వారం తిరక్కుండానే ఏడుపు మానేసింది. గది వెనకున్న జమ్ముగడ్డిలోంచి కొత్త చందాదారులు మాట్లాడడం మొదలుపెట్టారు మరి! టకటకమనేదొకటి, బొంగురుగా గొణిగేదొకటి, అంతా అయిపోయాక తీరిగ్గా ఒక్క మాట అని ఊరుకునేదొకటి. ఇన్నాళ్లూ మనుషుల గొంతులు పోల్చిన చెవులు కప్పల్నీ పిట్టల్నీ పోల్చడానికి ఎంతసేపు? ఒకరోజు బడిపిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు చెట్టువైపు చూపించి "అదుగో పిట్ట" అంటుంటే, టిక్కెట్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "పిట్ట కాదండీ, చెట్టుకప్ప. కావాలంటే మూడో కొమ్మ కింద చూడండి" అంది. చూశారు. కప్పే. ఆ మాస్టారు మంచివాడు కాబట్టి చిన్నబుచ్చుకోలేదు, పార్కువాళ్లకి చెప్పి ఆవిణ్ణి కిటికీలోంచి బయటికి లాగించి, పిల్లలకి పాఠం చెప్పే పనిలో పెట్టించాడు.

ఆవిడ కనిపెట్టిన పాఠం పేరు చెవుల నడక. పిల్లలందరూ కళ్లు మూసుకుని, ముందున్నవాళ్ల భుజం మీద చెయ్యి వేసుకుని, మడుగు చుట్టూ నడవాలి. ఆవిడ ఆగమన్నచోట ఆగి, ఏదైనా చప్పుడు వినపడితే వేలెత్తి అటు చూపించాలి. ఆటకి ఒకటే రూలు. విన్నదానికే వేలెత్తాలి. పక్కవాడెత్తాడని ఎత్తకూడదు, టీచర్ మెచ్చుకుంటుందని ఎత్తకూడదు. విననిదానికి వేలెత్తిన పిల్లల్ని ఆవిడ అక్కడికక్కడే పట్టుకుని దులిపేసేది. మిగతా విషయాల్లో వెన్నపూస, ఈ ఒక్క విషయంలో నిప్పు.

మడుగులోని గొంతులన్నిట్లోకీ ఆవిడకి ప్రాణమైనది సూదిగొంతు. ఆకుపచ్చటి కీచురాయి, వేలిగోరు మీద కూర్చోబెడితే ఇంకా చోటు మిగిలేంత. పేరు ఆవిడ పెట్టిందే. నిజానికి దానికి గొంతే లేదు, రెక్కలు రెండూ నిటారుగా లేపి ఒకదానితో ఒకటి రాసుకుని పాడుతుంది. ఎండ వాలేవేళ మొదలెట్టేది. సన్నగా, సూది మొనంత సన్నగా. టిక్కెట్లమ్మే రోజుల్లో దాన్ని వింటుంటే ఎక్స్‌ఛేంజిలో లైను ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే మోత గుర్తొచ్చి ఆవిడకి ఎక్కడలేని హాయి కలిగేది.

పార్కు పక్క రోడ్డుకి కొత్త దీపాలు వేసిన ఏడాది సూదిగొంతు ఆగిపోయింది. ఆవిడ రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని చెవులు రిక్కించింది. ఏమీ లేదు. ఇక చూస్కోండి, ఆ వెలుగే దాన్ని తరిమేసిందని ఆఫీసుల చుట్టూ తిరిగి, అధికార్ల చెవిలో జోరీగలా హోరెత్తించి, ఆ దీపాలకి మూతలు వేయించేదాకా నిద్రపోలేదు. మూతలు పడ్డాయి. మిణుగురులు తిరిగొచ్చాయి, చిమ్మటలు తిరిగొచ్చాయి. సూదిగొంతు మాత్రం రాలేదు. చివరికి జమ్ముగడ్డి ఎదురుగా ఒక బోర్డు పెట్టించారు. "ఇక్కడ ఒకప్పుడు సూదిగొంతు పాడేది." పోయిందని టీచర్ చెప్పింది, అంతే. ఆవిడకే వినపడకపోతే ఇంకెవరికి వినపడుతుంది?

అప్పట్నుంచి చెవుల నడక ఆ బోర్డు దగ్గర ముగిసేది. పిల్లల్ని దాని ముందు వరసగా నిలబెట్టి, "వినండర్రా. ఒక పాట లేకపోతే ఎలా ఉంటుందో వినండి" అనేది. అంత గొంతూ తగ్గించేసి ఆ ఒక్క మాట చెప్పేసరికి పిల్లలు గాలి పీల్చడం కూడా మానేసి నిలబడేవాళ్లు. వెంట వచ్చిన అమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు. ఆ పాఠం గురించి ఆ నోటా ఈ నోటా పాకి ఊరంతా తెలిసిపోయింది.

పాకి పాకి పైవాళ్లదాకా పోయింది. ఒకరోజు ఇన్‌చార్జి ఆఫీసు గదిలోంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి, ఆయన పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"టీచర్‌గారూ! శనివారం సాయంత్రం అన్ని బళ్ల నుంచీ మాస్టర్లొస్తున్నారు, మీ చెవుల నడక చూడ్డానికి. నచ్చిందంటే పార్కులన్నిట్లోనూ ఇదే పాఠం. నేర్పించేదెవరనుకున్నారు? మీరే!"

"నేనా?" అంది ఆవిడ. ఆ కేకకి బాతులు లేచిపోయాయి.

ఆ రోజునుంచి ఆవిడ కాళ్లు నేలమీద ఆనలేదు. టిక్కెట్ల కిటికీ ఎక్కడ, ఊళ్లూళ్లూ తిరిగి మాస్టర్లకి పాఠం చెప్పడం ఎక్కడ! కొత్త చెప్పులు కొనుక్కుంది. దారిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. పార్కులో తనతో పాటు పనిచేసే చిన్నటీచర్ని, ఆ అమ్మాయి చేరి ఇంకా ఏడాది కాలేదు, భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

గురువారం సాయంత్రం, శనివారానికి అలవాటు చేద్దామని, పార్కు వెనక క్వార్టర్స్‌లో ఉండే బడిపిల్లల్ని పిలిపించింది. నడక బ్రహ్మాండంగా సాగింది. బోర్డు దగ్గరికొచ్చారు. "వినండర్రా, ఒక పాట లేకపోతే ఎలా ఉంటుందో" అంది. పిల్లలు బిగుసుకుపోయారు. అప్పుడు, అంత మౌనంలో, చివరన నిలబడ్డ రెండుజడల పిల్ల నిదానంగా వేలెత్తి జమ్ముగడ్డిలోకి చూపించింది.

టీచర్‌కి ఒళ్లు మండింది. చెవులు రిక్కించి చూసింది. ఏమీ లేదు.

"ఏం వినపడిందే నీకు?"

"సన్నగా ఏదో అరుస్తోంది టీచర్."

"ఏమీ అరవట్లేదు. నాకు వినపడనిది నీకు వినపడిందా? నలుగురిలో గొప్ప కోసం అబద్ధాలాడతావా? చెయ్యి దించు!"

పిల్ల దించలేదు. ముఖం ఎర్రగా కందిపోయింది, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, వేలు మాత్రం అలాగే ఉంది. "అదిగో, ఇప్పుడు కూడా" అంది. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచర్ వెళ్లి తన చేత్తో ఆ చెయ్యి దించేసింది. పిల్ల వరసలోంచి తప్పుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

పిల్లలంతా వెళ్లాక పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే చిన్నటీచర్ అంది, "పాపం అక్కా, ఆ పిల్ల జమ్ముగడ్డి పక్కనున్న పంపుషెడ్డు మోత విని ఏదో అనుకునుంటుంది."

"ఏ మోత?"

"అదే అక్కా, రోజూ ఈ వేళకి కీ మంటూ వస్తుంది చూడండి, కరెంటు మోత. ఇప్పుడూ వస్తోందిగా."

టీచర్ చెవులు రిక్కించింది. చుట్టూ చూసింది. కప్పలు వినపడుతున్నాయి. దూరంగా లారీ హారను వినపడుతోంది. కీ మనేది ఏదీ లేదు. చిన్నటీచర్ తన ముఖంలోకే చూస్తోంది.

"ఆ... ఆ. వస్తోంది, వస్తోంది" అంది టీచర్.

అన్నాక తెలిసింది తనేం చేసిందో. విననిదానికి వేలెత్తింది. ఇంతకుముందే దేనికోసమైతే ఒక పిల్లని పదిమందిలో ఏడిపించిందో, సరిగ్గా అదే పని.

ఇంటికి వెళ్తే మొగుడు మామూలుగానే బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని వాచీ విప్పుతున్నాడు. టీవీ హోరెత్తిపోతోంది. అంత సౌండు పెట్టింది ఆవిడే, పొద్దున.

"ఏమండీ, నాకు చెముడొచ్చిందా?" అని అడిగేసింది, గుమ్మంలోంచే.

ఆయన భూతద్దం తీశాడు. సొరుగులోంచి ఒక ఎలక్ట్రానిక్ వాచీ తీసి, మీట నొక్కి, ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.

"ఎప్పుడు మోగుతుంది?" అంది ఆవిడ.

"మోగుతోందే."

ఆవిడ వాచీ లాక్కుని చెవికి అదుముకుంది. అద్దం మీద గంట గుర్తు టపటపా కొట్టుకుంటోంది. మోత మాత్రం లేదు.

"లావుపాటి చప్పుళ్లన్నీ నీకు బాగానే వినపడుతున్నాయి. సన్నవే పోయాయి. వయసొస్తే ముందు పోయేవి అవే" అన్నాడాయన మెల్లగా. మళ్లీ గొంతు పెంచి అన్నాడు, ఈసారి వినపడేలా. "నాకు తెలిసి చాన్నాళ్లయింది. ఎలా చెప్పను? నీ ఆస్తంతా ఆ చెవులేనాయె. అందుకే నోరు నొక్కుకుని కూర్చున్నా."

ఆవిడకి ఏడుపు రావాలి. వచ్చింది కూడా, సగం దాకా. అంతలో ఇంకేదో తట్టింది. ఏడుపు అక్కడే ఆగిపోయింది. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ! పంపుషెడ్డుకి మొన్న వేసవిలోనే కరెంటు తీసేశారండీ!"

ఆయనకి ముక్క అర్థం కాలేదు. కరెంటు లేని షెడ్డులో కరెంటు మోత ఎలా వస్తుంది? మరైతే ఆ కీ మనేది ఏమిటి? అడగాలంటే భయం. అడక్కుండా ఉండడం చేతకాదు. శుక్రవారం పొద్దంతా కాలు గాలిన పిల్లిలా పార్కంతా తిరిగింది. కొత్త చెప్పులు కరిచాయి కూడా, పట్టించుకోలేదు.

ఎండ వాలగానే చిన్నటీచర్ని షెడ్డు దగ్గరికి లాక్కెళ్లింది.

"నిన్న నీకు అబద్ధం చెప్పానే. నాకేమీ వినపడలేదు. ఇప్పుడు చెప్పు, ఆ మోత వస్తోందా?"

చిన్నటీచర్ నోరు వెళ్లబెట్టింది. "వస్తోందక్కా."

"ఎలా వస్తోంది? ఒకటే ధారగానా, ఆగి ఆగా? ఇదిగో, ఈ రేకు తలుపు మీద కొట్టి చూపించు. గట్టిగా కొట్టు, నాకు వినపడాలి."

చిన్నటీచర్ కాసేపు విని, వేలి కణుపుతో కొట్టింది. రెండు పొట్టి దెబ్బలు. తర్వాత వేలు ఆపకుండా గబగబా పొడుగ్గా ఒకటి. మళ్లీ రెండు పొట్టి, ఒక పొడుగు.

చెవుల టీచర్ పెట్టిన కేకకి ఆ రోజు బాతులే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లేచి నిలబడ్డాడు. రెండు పొట్టి, ఒక పొడుగు! లోకంలో అలా పాడేది ఒక్కటే! ఆ వరస ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి నోరు రాక. సూదిగొంతు ఎలా పాడుతుందో చిన్నటీచర్‌కి చెప్పినవాళ్లు లేరు. అలాంటిది, రేకు మీద కొట్టి చూపిస్తోంది! "పోలేదే! అది ఎక్కడికీ పోలేదే! పోయింది నా చెవులే!" అంటూ చిన్నటీచర్ని పట్టుకుని గంతులేసింది. చెవులు పోయాయని తెలిసి గంతులేసిన మనిషిని చిన్నటీచర్ అదే మొదటిసారి చూడడం. ఆ అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది.

"ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పు, పద!"

"అంతా ఒకేలా ఉందక్కా, ఎటువైపో తెలీడం లేదు."

తెలిసిన మనిషి ఒకతే. నిన్న వేలు పెట్టి మరీ చూపించింది.

టీచర్ చెప్పులు చేతిలో పట్టుకుని క్వార్టర్స్ వైపు పరిగెత్తింది. మెట్లెక్కి తలుపు తట్టింది. రెండుజడల పిల్లే తీసింది. ఆవిణ్ణి చూడగానే ముఖం మాడ్చుకుంది.

"అమ్మలూ, నాతో రావే. నిన్న నువ్వు విన్నదేమిటో తెలిసింది. అదెక్కడుందో నువ్వే చూపించాలి."

"నేను అబద్ధాలకోరుని కదా. నన్నెందుకు పిలుస్తున్నారు?"

ఆ మాటకి టీచర్‌కి తల కొట్టేసినంత పనైంది. మెట్టు మీద కూలబడింది. ఇప్పుడు ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తులో ఉన్నాయి.

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నాకు వినపడలేదు. నాకు వినపడనిది లోకంలోనే లేదనుకున్నాను. తప్పయిపోయింది."

పిల్ల తలుపు వదల్లేదు. ఈ ముక్క చెవికెక్కలేదని కాదు, ఎక్కింది. లెక్క ఇంకా తేలలేదు, అంతే.

"అందరి ముందూ తిట్టారు" అంది. "అందరి ముందూ చెప్పాలి."

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ, ఒట్టు! పద, చీకటి పడిపోతుంది!"

ముగ్గురూ గట్టుకి చేరారు, టీచర్ ఒక్కతే జమ్ముగడ్డిలోకి దిగింది. మోకాళ్లదాకా బురద. పిల్ల గట్టు చివర నిలబడి, కళ్లు మూసుకుని, చెవుల నడకలో నేర్చుకున్నట్టే వేలు చాచి దారి చూపిస్తోంది. "ఎడమకి. ఇంకొంచెం. కాదు, దాటేశారు. కిందకి, కిందకి. ఆగండి! మీ ముక్కు ముందే!" టీచర్ ఒక్కో ఆకూ పక్కకి తీసింది. ఏమీ కనపడలేదు. ఇంకో ఆకు తిప్పింది.

అక్కడుంది! ఆకు వెనక, ఆకు రంగులోనే, తల కిందికి పెట్టి. రెక్కలు నిటారుగా లేపింది. అవి వణికాయి, ఆగాయి. వణికాయి, ఆగాయి. తర్వాత పొడుగ్గా, కంటికి మసకలా కనపడేంత వేగంగా వణికాయి. ముక్కుకి మూరెడు దూరంలో అది గొంతు చించుకుని పాడుతోంది. ఆవిడకి వినపడింది కప్పల గోల ఒక్కటే. ఇన్నేళ్లూ ఇదిక్కడ పాడుతూనే ఉంది! తను పిల్లల్ని తీసుకొచ్చి, దీని ముందే నిలబెట్టి, ఇది చచ్చిపోయిందని మౌనం పాటించింది! ఏ పిల్లలకి ఎంత వినపడిందో, టీచర్ లేదంది కదా అని ఎంతమంది నోరు మూసుకున్నారో! ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. చేతులకి బురద కాబట్టి తుడుచుకోలేదు.

"బావుందా అక్కా?" అని చిన్నటీచర్ గట్టుమీంచి అరిచింది.

"బ్రహ్మాండంగా ఉందే! నిక్షేపంలా ఉంది!" అని ఆవిడ అరిచింది. రెక్కలు టక్కున ఆగిపోయాయి.

బురద కాళ్లతోనే ఇన్‌చార్జి గదికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"రేపు సాయంత్రం కదమ్మా వాళ్లొచ్చేది! ఆ మౌనం చూడ్డానికే వస్తున్నారు. ఈ ఒక్కరోజుకీ పాత పాఠమే కానివ్వండి. కీచురాయి సంగతి సోమవారం చూసుకుందాం."

"పాడుతున్నదాని ముందు నిలబడి పోయిందని ఎలా చెప్పమంటారు సార్?"

"మీ చెవుల సంగతి బయటపడితే, చెవుల పాఠం నేర్పడానికి మిమ్మల్నెవరు పిలుస్తారు? అది ఆలోచించారా?"

ఆలోచించింది. ఆ రాత్రంతా అదే ఆలోచన. టిక్కెట్ల కిటికీ కళ్లముందు కనపడింది, చెయ్యి పట్టేంత కిటికీ. మళ్లీ అందులోకేనా? కానీ ఒట్టు పెట్టింది ఒక పిల్లకి. పైగా కళ్లు మూస్తే చాలు, ఆ ఆకుపచ్చ రెక్కలు వణుకుతూ కనపడుతున్నాయి. అవి కనపడ్డప్పుడల్లా, భయం భయంగానే ఉన్నా, కడుపులో ఒక గంతు. తెల్లారేసరికి గంతే గెలిచింది.

శనివారం సాయంత్రం మడుగు గట్టంతా మనుషులే. మాస్టర్లు, పంతులమ్మలు, ముందు వరసలో క్వార్టర్స్ పిల్లలు. మొగుడు కూడా దుకాణం కట్టేసి వచ్చి ఓ పక్క నిలబడ్డాడు. రెండుజడల పిల్ల వరస చివర, చేతులు కట్టుకుని, టీచర్ నోటివైపే చూస్తోంది. ఇన్‌చార్జి చూపులతోనే బతిమాలుతున్నాడు.

నడక ముగిసింది. బోర్డు ముందు అందరూ నిలబడ్డారు. టీచర్ గొంతు సవరించుకుంది.

"ఈ బోర్డు తప్పు. రాయించింది నేను" అంది, గొంతు తగ్గించకుండా. "సూదిగొంతు ఎక్కడికీ పోలేదు. నా చెవులే పోయాయి, సన్నటి చప్పుళ్లకి. మొన్న ఈ పిల్ల విని వేలెత్తింది. నాకు వినపడలేదని, అబద్ధమాడుతున్నావని అందరి ముందూ తిట్టాను, చెయ్యి దించేశాను. తను చెప్పింది నిజం. అబద్ధం చెప్పింది నేను, ఇన్నేళ్లూ, తెలీక. ఇప్పుడందరూ కళ్లు మూసుకోండి. ఒక పాట ఎలా ఉంటుందో వినండి. విన్నవాళ్లు వేలెత్తండి. రూలు తెలుసుగా."

మౌనం. చూస్తుండగానే ముందు వరసలో ఒక వేలు లేచింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత పిల్లల వరసంతా, ఒక్కరు మిగలకుండా. అన్ని వేళ్లూ జమ్ముగడ్డిలో ఒకే మూలకి. వెనక కుర్ర మాస్టర్ల వేళ్లు లేచాయి, ముఖాల్లో ఆశ్చర్యం. ఇంకా వెనక, జుట్టు నెరిసిన పెద్దవాళ్లు ఒక కన్ను తెరిచి ఒకళ్లనొకళ్లు దొంగచూపులు చూసుకుంటున్నారు. బట్టతల మాస్టారొకాయన వేలు సగం ఎత్తి, సిగ్గుపడి దించేసుకున్నాడు. ఇన్‌చార్జి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకీ వినపడలేదని ఆ ముఖమే చెబుతోంది.

"సార్, ఎవరికి ఏది వినపడదో తెలిసేది కూడా ఈ పాఠంలోనేనన్నమాట!" అని ఒక పంతులమ్మ వెనకనుంచి గట్టిగా అనేసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న జనమంతా గొల్లుమన్నారు. ఇన్‌చార్జి కూడా, ఇక తప్పక, నవ్వేశాడు. రేపు ఏ పార్కువాళ్లు పిలుస్తారో, ఎవరు పిలవరో ఆ నవ్వులో తేలలేదు. టీచర్ అటు చూడను కూడా చూడలేదు. వేళ్లన్నీ చూపిస్తున్న ఆ మూలకే చూస్తూ నిలబడింది.

రెండుజడల పిల్ల వరసలోంచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.

"మీరెత్తలేదేం టీచర్?"

"నాకు వినపడలేదుగా. రూలంటే రూలే."

పిల్లకి ఆ జవాబు నచ్చినట్టు లేదు. కాసేపు జమ్ముగడ్డివైపు, కాసేపు టీచర్ వైపు చూసింది. తర్వాత ఆవిడ చెయ్యి అందుకుని, అరచెయ్యి పైకి తిప్పి, తన చూపుడువేలు దాని మీద పెట్టింది. కళ్లు మూసుకుంది. పొట్టిగా రెండుసార్లు తట్టింది. తర్వాత వేలు గబగబా ఆడిస్తూ పొడుగ్గా ఒకటి. ఆగింది. మళ్లీ రెండు పొట్టి, ఒక పొడుగు.

"వస్తోంది! వస్తోందే!" అని టీచర్ అరిచింది. మడుగు మీది బాతులన్నీ లేచి అవతలి ఒడ్డుకు పోయాయి.

పిల్ల వేలు ఆగిపోయింది.

"అది ఆపేసింది టీచర్. మీరు అరిచారుగా."

"అయ్యో! మళ్లీ ఎప్పుడు మొదలెడుతుంది?"

"మీరు నోరు మూసుకుంటే."

టీచర్ నోరు మూసుకుంది. చాచిన అరచెయ్యి అలాగే పిల్లకి ఇచ్చి, కళ్లు మూసుకుని, ఎదురుచూస్తూ నిలబడింది.